రాతినార జబ్బు కేసు: పర్సెంటేజీ లాయరా, ఫీజు లాయరా, అసలు లాయరే వద్దా?

బుగ్గవంక:
పులివెందుల పక్క బ్రాహ్మణపల్లె వైపు రాతినార (ఆస్బెస్టాస్) గనుల్లో, ఆ రాయిని దంచి నార తీసే మిల్లుల్లో పనిచేసినవాళ్లకు, పని మానేసిన ఇరవై ముప్పై ఏళ్లకు కూడా ఆయాసం మొదలవ్వచ్చు. రిపోర్టులో ‘ఆస్బెస్టోసిస్’ (రాతినార దుమ్ముతో ఊపిరితిత్తులు మచ్చలు కట్టే జబ్బు) అని పడ్డాక నష్టపరిహారం ఎట్లా అడగాలంటే కడపలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ‘ముందు పైసా ఇవ్వొద్దు, గెలిస్తే ముప్పై పర్సెంట్ అని మాట్లాడుకో.’ రెండోది, ‘లాయరెందుకు, లేబర్ ఆఫీసులో అర్జీ పడేస్తే చాలు.’ ఏది సరైంది? కారణంతో చెప్పండి. ‘మంచి లాయర్ని చూసుకో’ అని ఊరికే అనొద్దు.

నాపరాయి:
మొదటిది చెల్లదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో ఇరవయ్యోది చూడండి. గెలుపు మీద ఆధారపడే ఫీజు, వచ్చిన సొమ్ములో వాటా, రెండూ లాయర్‌కు నిషేధం. అది చాలదంటే 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం సెక్షన్ 9 ఉంది. ఈ సొమ్మును ఇంకొకరికి రాసివ్వడం, తాకట్టు పెట్టడం, జప్తు చేయడం ఏదీ కుదరదు. స్టాంపు పేపర్ మీద రాసుకున్నా ఆ ముప్పై పర్సెంట్ ఒప్పందం చిత్తుకాగితమే. ఇంటర్నెట్‌లో కనిపించే ‘గెలిస్తేనే ఫీజు’ ప్రకటనలు అమెరికా లాయర్లవి, అక్కడ ఆ పద్ధతి ఉంది. ఇక్కడ లాయర్ ప్రకటన ఇచ్చుకోవడమే తప్పు.

చిత్రావతి:
రూలు సరే అన్నా. బండి యాక్సిడెంట్ కేసులు ఏ లెక్కన నడుస్తాయో కోర్టు ముందర టీ అంగడోన్ని అడిగినా చెప్తాడు. ఆయాసంతో మంచం పట్టిన మనిషి ముందుగా ఫీజు ఎక్కడ తెస్తాడు? వాటా లేదంటే ఆ ఫైలు ఎవరు ముట్టుకుంటారు? మీ రూలు కార్మికుణ్ణి కాపాడడం లేదు, ఇంట్లో కూర్చోబెడుతోంది.

నాపరాయి:
ఫీజు లేనివాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టం సెక్షన్ 12 కింద పారిశ్రామిక కార్మికులు, ఎస్సీ, ఎస్టీలు, ఆడవాళ్లు, దివ్యాంగులు ఉచిత లాయర్‌కు అర్హులు. వీళ్లకు ఆదాయం లెక్క అడగరు. చనిపోయిన కార్మికుడి భార్య అర్జీ పెడితే ఆమె స్త్రీ కావడం ఒక్కటే చాలు. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. ఫీజు లాయరే కావాలనుకుంటే దశలుగా మాట్లాడుకోవాలి. అర్జీ వేసేటప్పుడు ఇంత, సాక్షుల విచారణకు ఇంత, వాదనలకు ఇంత అని, ఇచ్చినప్పుడల్లా రసీదు తీసుకుని. ఒరిజినల్ ఎక్స్‌రే ఫిల్ములు, బ్యాంకు పాస్‌బుక్, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. వాటా లాయర్లు మొదట అడిగేది ఆ చెక్కే.

హంద్రీ:
మీరిద్దరూ ఫీజు కాడనే కొట్లాడుతున్నారు. ఈ కేసు మునిగేది గడువు దగ్గర.

1923 చట్టం సెక్షన్ 10 ప్రకారం రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. జబ్బుకు ప్రమాదం జరిగిన రోజంటూ ఉండదు కాబట్టి, దాని వల్ల వరుసగా పనికి పోలేకపోయిన మొదటి రోజునే ప్రమాదం రోజనుకుంటారు. పని మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనబడితే, వాటిని మొదట గుర్తించిన రోజు లెక్క. చట్టం రాసినోళ్లు ఆలోచించింది రెండేళ్లు, రాతినార ఊపిరితిత్తుల్లో పని పూర్తి చేసేది పది నుంచి నలభై ఏళ్లు. చిక్కంతా ఇక్కడే. ‘గని వదిలి పాతికేళ్లయింది, ఇప్పుడేంది?’ అని ఎదుటి లాయర్ మొదటి వాయిదాలోనే అంటాడు.

కాబట్టి లాయర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు. ‘ఈ రెండేళ్ల అడ్డు ఎట్లా దాటిస్తారు సార్?’ అని అడగండి. తెలిసినాయనైతే, తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం అదే సెక్షన్‌లో, ఈ కేసులు వినే కార్మిక శాఖ కమిషనర్‌కు ఉందంటాడు. డాక్టరు జబ్బు పేరు రాసిచ్చేదాకా అది పని వల్ల వచ్చిందని కార్మికుడికి తెలిసే వీల్లేదని వాదించాలంటాడు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన సీఈఆర్‌సీ (కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసు) తీర్పును కూడా బయటికి తీస్తాడు. కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన రోజు నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతదాకా యజమాని దాచాలన్నది ఆ తీర్పే. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ జబ్బు నిర్ధారిస్తే మూడు నెలల్లో లక్ష రూపాయలు ఇవ్వాలన్నదీ అందులోనే ఉంది. 2011లో కల్యాణేశ్వరి కేసులో ఆ ఆదేశాలనే కోర్టు మళ్లీ గుర్తుచేసింది. ఇవేవీ ఎత్తకుండా ‘వేద్దాంలే, చూద్దాం’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

ఇంకొకటి. 2025 నవంబర్ 21 నుంచి ఆ 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. జబ్బు బయటపడిన తేదీని బట్టి పాత చట్టం కింద వేస్తారా, కోడ్ కింద వేస్తారా అన్నది కూడా అడగండి. ఇక్కడ మనం చెప్పుకునే నష్టపరిహార సెక్షన్లన్నీ పాత 1923 చట్టానివి.

గండికోట_గాలి:
గడువు మన్నించినా, ఆ గనిలో పనిచేసినట్టు కాగితం లేకపోతే ఎంత పెద్ద లాయరైనా చేతులెత్తేస్తాడు. మూతపడిన గనుల్లో కాగితం దొరకడమే అసలు పని. దాన్ని లాయర్ మీద వదిలేస్తే జరగదు, ఇంటివాళ్లే తిరగాలి.

గనుల నిబంధనల్లో పనివాళ్ల రిజిస్టరును ‘ఫారం బి’ అంటారు, వైద్య పరీక్ష రిపోర్టును ‘ఫారం ఓ’ అంటారు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి దొరికినా కేసు సగం నిలబడినట్టే. పీఎఫ్ నంబరున్న పాత చీటీ, గేట్ పాసు, బోనస్ చీటీ కూడా పనికొస్తాయి. లీజు ఎవరి పేరు మీద ఉండేదో తెలుసుకోవడానికి జిల్లా గనుల శాఖకు, తనిఖీ రికార్డుల కోసం డీజీఎంఎస్‌కు (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) వేరువేరుగా సమాచార హక్కు దరఖాస్తులు పెట్టాలి. చెరొక పది రూపాయలు, ముప్పై రోజులు. ‘ఆ గనికి సంబంధించి మీ దగ్గరున్న అన్ని కాగితాలు’ అని రాస్తే ‘వివరాలు స్పష్టంగా లేవు’ అని తిప్పి పంపుతారు. గ్రామం, సర్వే నంబరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది రాసి, ఒక్కో కాగితాన్ని పేరుతో అడగాలి.

కూలి ఇచ్చింది మేస్త్రీ అయినా, నష్టపరిహార చట్టం సెక్షన్ 12 ప్రకారం పని ఎవరిదో ఆ అసలు యజమాని కూడా బాధ్యుడే. ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర చేసుంటే అందర్నీ ప్రతివాదులుగా చేర్చాలి, కమిషనర్ వాటాలు తేలుస్తారు. ఒకర్ని వదిలేస్తే మిగతావాళ్లు ‘జబ్బు ఆయన దగ్గరే వచ్చింది’ అని తప్పించుకుంటారు.

కాగితం ఏదీ లేకపోతే తోటి పనివాళ్ల అఫిడవిట్లే గతి. ఇద్దరివీ ఒకే గుమాస్తా ఒకే మాటల్లో టైపు చేస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఇద్దరూ ఒకేచోట కూలిపోతారు. డ్రిల్లు వేసిందెవరు, గోతాలు కుట్టిందెవరు, జల్లెడ దగ్గర నిలబడిందెవరు అని ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పాలి.

చిత్రావతి:
ఇదంతా యూనియన్ వాళ్లు చేయలేరా? సెక్షన్ 24 ప్రకారం కమిషనర్ ముందు లాయరే నిలబడాలని లేదు. కార్మికుడు రాతపూర్వకంగా అధికారం ఇస్తే రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి రావచ్చు, గనుల చట్టం కింది ఇన్‌స్పెక్టర్ కూడా రావచ్చు. ఇది సివిల్ కోర్టు కాదు, కార్మిక శాఖ అధికారి ముందు నడిచే విచారణ. సెక్షన్ 21 ప్రకారం కార్మికుడు కాపురమున్న చోటే వేయొచ్చు. గుజరాత్‌లో పనిచేసి వచ్చినా కడపలో వేసుకోవచ్చు. హైదరాబాద్ పెద్ద లాయర్‌కు వాయిదా వాయిదాకు కారు ఖర్చులు పెట్టడమెందుకు?

నాపరాయి:
హైదరాబాద్ వద్దన్న మాట ఒప్పుకుంటా. లేబర్ కమిషనర్ ముందు రోజూ నిలబడే కడప లాయరే మేలు. యూనియన్‌తో అర్జీ వేయించడం, నోటీసులు అందేలా చూడడం వరకూ సరే. డాక్టరును బోనెక్కించే రోజున మాత్రం లాయర్ కావాలి. ఇట్లాంటి కేసులు ఎక్కువగా ఓడేది అక్కడే. రిపోర్టు జతచేసి ఊరుకుంటారు, రాసిన డాక్టరును పిలిపించరు. ఎదుటివాళ్లు ‘బీడీ తాగుతాడు, అందుకే ఆయాసం’ అంటే జవాబిచ్చే మనిషి ఉండడు. ఆ ఉత్తర్వు మీద హైకోర్టుకు పోవాలన్నా 60 రోజులే గడువు, అదీ చట్టపరమైన ముఖ్యమైన ప్రశ్న ఉంటేనే. కింద సాక్ష్యంలో వదిలేసింది పైన పూడ్చుకోలేరు.

హంద్రీ:
డాక్టరు మాట వచ్చింది కాబట్టి చెప్తా. ఆస్బెస్టోసిస్ మచ్చలు ఊపిరితిత్తుల కింది భాగంలో మొదలవుతాయి. సిలికోసిస్ (రాతి సిలికా దుమ్ముతో వచ్చే జబ్బు), టీబీ ఎక్కువగా పైభాగాన్ని పట్టుకుంటాయి. పాత చీటీల్లో ‘టీబీ’ అని ఉంటే అవతలి లాయర్ దాన్నే పట్టుకుంటాడు. అందుకే హెచ్ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను స్పష్టంగా చూపే సీటీ) స్కాన్, ఊపిరి ఊదే పరీక్ష, కఫం పరీక్షలో టీబీ లేదన్న రిపోర్టు మూడూ ఉండాలి. ఎక్స్‌రేను ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) పద్ధతిలో చదివించడం మరీ మంచిది. అహ్మదాబాద్ సంస్థకు బెంగళూరులో ప్రాంతీయ కేంద్రం ఉంది, మన సీమ జిల్లాలకు అదే దగ్గర. పైభాగంలో గడ్డలు అని వస్తే, మొండిగా రాతినార అనకుండా సిలికోసిస్ కింద వేయాలి. అదీ పని వల్ల వచ్చే జబ్బుల జాబితా అయిన షెడ్యూల్ 3లో ఉంది. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా (ఊపిరితిత్తుల పైపొర క్యాన్సర్) కూడా ఉన్నాయి. మెసోథెలియోమాకు బయాప్సీ తప్పనిసరి.

బుగ్గవంక:
డబ్బు ఎంత రావచ్చో లెక్క చెప్పగలరా? మిల్లు పనివాళ్లకు, గని పనివాళ్లకు తేడా ఉందా?

నాపరాయి:
పూర్తిగా పనికి రాకుండా పోతే, నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన గుణకంతో గుణించాలి. 2020 జనవరి 3 నుంచి జీతం ఎంతున్నా 15,000 దాకానే లెక్కలోకి తీసుకుంటారు. 55 ఏళ్లకు గుణకం 135.56. అంటే 9,000ను దానితో గుణిస్తే 12,20,040. సంపాదన శక్తిలో 40 శాతమే పోయిందని తేలితే 4,88,016. ఆ 40 అన్నది ఊపిరితిత్తి ఎంత చెడిందన్న లెక్క కాదు, పనిచేసే శక్తి ఎంత పోయిందన్నది. డాక్టరు ‘గోతం ఎత్తలేడు, మెట్లెక్కలేడు’ అని విడిగా రాయాలి. సొమ్ము బాకీ పడిన నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేని ఆలస్యానికి 50 శాతం దాకా జరిమానా. జరిమానా యజమాని కట్టాలి, బీమా కంపెనీ కాదు.

మిల్లులో ఈఎస్ఐ కార్డుంటే ఈ దారి మూసినట్టే. ఈఎస్ఐ మెడికల్ బోర్డు దగ్గరికే పోవాలి, అక్కడ లాయర్ పని తక్కువ. గనులు పాత ఈఎస్ఐ చట్టం కిందికి వచ్చేవి కావు. గని పక్కన ఇల్లున్నవాళ్లు, మొగుడి దుమ్ము గుడ్డలు ఉతికిన ఆడవాళ్లు కార్మికులు కారు కాబట్టి వాళ్లకు సివిల్ కోర్టే. అక్కడ లాయర్ లేకుండా అడుగు పడదు.

గండికోట_గాలి:
ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. నోటీసు అందగానే యజమాని తరఫు మనిషి ఇంటికొచ్చి ‘యాభై వేలు తీసుకో, కేసు వద్దు’ అంటాడు. తెల్లకాగితం మీద వేలిముద్ర అడుగుతాడు. రాజీ చేసుకోవడం తప్పు కాదు. కానీ సెక్షన్ 28 కింద ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయాలి, మొత్తం మరీ తక్కువనిపిస్తే ఆయన ఒప్పుకోకుండా ఆపగలరు. చావు కేసులో చేతికి నేరుగా ఇచ్చిన సొమ్ము పరిహారంగా చెల్లదు, కమిషనర్ దగ్గరే డిపాజిట్ చేయాలి. వేలిముద్ర వేసేసినవాళ్లు ఉంటే ఆ కాగితం నకలు ఉందా లేదా ముందు చూసుకోండి. లేకపోతే దాని తేదీ, వచ్చినవాళ్ల పేర్లు, పక్కనున్నది ఎవరో ఈరోజే రాసి పెట్టుకుని లాయర్ దగ్గరికి ఆ కాగితంతో పోండి.