యాంగ్షియస్ అటాచ్‌మెంట్ ఉంటే డిప్రెషన్ వస్తుందా?

నిద్రలేనివాడు: ఆన్‌లైన్ టెస్ట్‌లో నా అటాచ్‌మెంట్ స్టైల్, అంటే దగ్గరివాళ్లతో ముడిపడే తీరు, యాంగ్షియస్ అని వచ్చింది. వదిలేస్తారేమోనన్న భయం ఎక్కువట. రెండు నెలలుగా దేనిమీదా మనసు నిలవడం లేదు. ఆ స్వభావం వల్ల ఇది వచ్చిందా, ఇది వచ్చాక అలా తయారయ్యానా? డాక్టర్‌కి చూపించుకోవాలా?

వెన్నెల_రాత్రి: నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే నాకు కడుపులో దేవినట్టుంటుంది. మొన్న రాత్రి "కోపమా?" అని టైప్ చేయడం, చెరపడం. చివరికి రెండింటికి పంపేశాను. ఆయన నిద్రపోయాడట!

మౌని77: నాది అవాయిడెంట్, ఎవరినీ మరీ దగ్గరికి రానివ్వని రకం. ఉద్యోగం పోయిన మూడు వారాలూ ఇంట్లో చెప్పకుండా పొద్దున్నే బ్యాగు తగిలించుకుని బయల్దేరేవాణ్ణి. బాధ లేదనే అనుకున్నా. ఒంటరిగా ఉంటే హాయి అనేవాళ్లని నమ్మకండి, నాతో సహా.

పాతకాపు: అన్నిటికీ మూలం తల్లి పెంపకం. ఈ అటాచ్‌మెంట్ సిద్ధాంతం తెచ్చిన బౌల్బీ చెప్పాడుగా.

గోడమీదపిల్లి: మళ్లీ అమ్మ మీదే పడ్డారా? మా అక్కనీ నన్నూ పెంచింది ఒకే అమ్మ. అక్క నిబ్బరంగా ఉంటుంది, నేను ఇలా ఏడుస్తున్నా.

పాతకాపు: పన్నెండేళ్లుగా ఈ సబ్జెక్టు చదువుతున్నానమ్మా. తల్లి కాసేపు వదిలి వెళ్తే పిల్లలు ఏం చేస్తారో చూసిన ఎయిన్స్‌వర్త్ ప్రయోగం చూడండి.

గోడమీదపిల్లి: ఆవిడ చూసింది ఏడాది పసిపిల్లల్ని. ఆ సిద్ధాంతాన్ని పెద్దవాళ్ల ప్రేమల దాకా తెచ్చింది హజాన్, షేవర్ అనే సైకాలజిస్టులు, 1987లో. పన్నెండేళ్లు చదివారా, పన్నెండు రీల్స్ చూశారా?

పాతకాపు: నోరు అదుపులో పెట్టుకోండి.

మౌని77: ఇద్దరూ ఆపండి బాబూ.

చదువరి: అసలు ఈ స్టైల్స్ విడివిడి డబ్బాలు కావు. 1998లో వచ్చిన 36 ప్రశ్నల పరీక్షలో కొలతలు రెండే: ఆందోళన ఎంత, ఎడంగా జరగడం ఎంత. డిప్రెషన్‌తో ఎక్కువ ముడిపడేది మొదటిదే. అది కూడా రెండువైపులా నడుస్తుంది. దిగులుగా ఉన్నవాళ్లు "నేనంటే ఇష్టమేనా" అని అడిగిందే అడుగుతారు, ఎదుటివాళ్లు విసుగుతారు, దిగులు ఇంకా పెరుగుతుంది. కోయిన్ అనే సైకాలజిస్టు 1976లోనే రాశాడు. పైగా మనసు బాగాలేనప్పుడు టెస్ట్ రాస్తే జవాబులు కూడా అటే ఒరుగుతాయి.

నిద్రలేనివాడు: డాక్టర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

చదువరి: వెళ్లండి. రెండు వారాలు దాటితే చాలు, చూపించుకోమంటారు, మీకు రెండు నెలలైంది. ముందు స్టైల్ తేల్చుకుని వెళ్లాల్సిన పనేమీ లేదు.

గోడమీదపిల్లి: ఇంతకీ పెంపకం అన్నాయన ఎక్కడ?

వెన్నెల_రాత్రి: ఇప్పుడే ఆయన రిప్లై ఇచ్చాడు. "సరే" అని, పక్కన ఫుల్‌స్టాప్. ఎప్పుడూ పెట్టడు. కోపమంటారా?