బ్రేక్ మీద కాలు పెడితే ఐడిల్ పడిపోతోంది, ఇది బూస్టర్ గొడవేనా?

నాలుగోగేర్:
నమస్తే అందరికీ. నాది 12 ఏళ్ల పాత పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్, టర్బో లేదు. నెల రోజులుగా ఒకటే తంటా. న్యూట్రల్‌లో వదిలేస్తే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) 750 ఆర్‌పీఎం దగ్గర చక్కగా ఆడుతుంది, అదే సిగ్నల్ దగ్గర బ్రేక్ నొక్కి పట్టుకుంటే ముల్లు 500కి జారి బండంతా వణుకుతుంది, ఒక్కోసారి ఆఫ్ కూడా అయిపోతుంది. కాలు తీస్తే రెండు సెకన్లలో మామూలైపోతుంది. వెనక బండ్లు హారన్ కొడుతుంటే మళ్లీ స్టార్ట్ చేసుకోవడం, ఆ టెన్షన్ మీకు తెలుసు కదా. ప్లగ్గులు మార్చాను, ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించాను, ఏమీ తేడా లేదు. మెకానిక్ ఇప్పుడు ఐడిల్‌ని నిలబెట్టే ఐడిల్ వాల్వ్ మార్చాలంటున్నాడు. బ్రేకులు మాత్రం బాగానే పడుతున్నాయి, అందుకే బ్రేక్ నొక్కే బలాన్ని పెంచే బూస్టర్ మీద అనుమానం పెట్టుకోవాలో వద్దో తెలియట్లేదు. పెడల్ దగ్గర చిన్నగా బుస్సుమనే శబ్దం వస్తోందని మా ఆవిడ అంటుంది, నాకైతే ఫ్యాన్ ఆపితే గానీ వినపడలేదు.

డిప్‌స్టిక్:
ఐడిల్ వాల్వ్‌కి డబ్బు పెట్టకండి, కనీసం ఇప్పుడే వద్దు. వాల్వ్ చెడితే బ్రేక్‌తో సంబంధం లేకుండా ఏసీ వేసినా, హెడ్‌లైట్లు వేసినా తడబడాలి. మీకు కేవలం పెడల్‌తోనే వస్తోంది కదా.

గ్రీజుచేతులు:
డిప్‌స్టిక్ గారు చెప్పింది కరెక్టే, కొంచెం వివరంగా చెప్తాను. బూస్టర్ అంటే రేకు డబ్బా, మధ్యలో రబ్బరు డయాఫ్రం. ఇంజన్ నడుస్తున్నంతసేపూ డయాఫ్రంకి రెండు వైపులా ఉన్న గాలిని ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్ ఒక హోస్ గుండా లాగేస్తూ ఉంటుంది. మీరు పెడల్ నొక్కగానే లోపలి చిన్న వాల్వ్ తెరుచుకుని మీ కాళ్ల దగ్గరి గాలిని వెనక గదిలోకి వదులుతుంది, ముందు గదిలో వాక్యూమ్ అలాగే ఉంటుంది, ఆ తేడాయే డయాఫ్రంని ముందుకు తోస్తుంది. 25 సెంటీమీటర్ల డయాఫ్రం మీద ఇది 300 కిలోల బరువుకి దగ్గరగా పని చేస్తుంది, అందుకే వేలెడంత కదలికకే అంత బండి ఆగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. కాలు కదిలేటప్పుడే గాలి కదులుతుంది. నొక్కినప్పుడు కొంచెం, వదిలినప్పుడు వెనక గదిలో చేరిన గాలంతా ఇంజన్‌లోకి పోతుంది కాబట్టి ఇంకొంచెం. అప్పుడు ముల్లు ఒక్క క్షణం అటూ ఇటూ ఊగితే అది జబ్బు కాదు, అన్ని బండ్లూ అంతే. కానీ కాలు కదపకుండా ఒకే బలంతో పట్టుకుని ఉంటే లోపలి వాల్వ్ రెండు దారులూ మూసేస్తుంది, గాలి ప్రయాణం ఆగిపోవాలి. మీకు పట్టుకున్నంతసేపూ ఐడిల్ కిందే ఉంటోంది, బుస కూడా కొడుతోంది అంటే డయాఫ్రం ఎక్కడో చిరిగింది, లేదా ఆ వాల్వ్ సీలు సరిగ్గా కూర్చోవట్లేదు. బ్రేకులు బాగా పడుతున్నాయనేది గుర్తు కాదు, ఎందుకంటే లీక్ చిన్నదైతే ఇంజన్ దాన్ని మించి లాగేస్తూ ఉంటుంది, బ్రేకుకి లోటు తెలియదు, ఆ భారమంతా ఐడిల్ మీద పడుతుంది.

ఇంట్లోనే చేసుకునే టెస్టులు: ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు గట్టిపడేదాకా కొట్టండి, చివరిది నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి, పెడల్ కొంచెం కిందకి దిగాలి. దిగిందంటే వాక్యూమ్ అందుతోంది. తర్వాత నడుస్తున్న ఇంజన్‌లో పెడల్ నొక్కి పట్టుకుని అలాగే ఆపేసి అరనిమిషం ఆగండి, పెడల్ మీ కాలిని పైకి తొయ్యకూడదు. తోసిందంటే లీకే. అన్నిటికన్నా తేల్చేది మూడోది, మానిఫోల్డ్ దగ్గర ఆ హోస్ పీకి అది తగిలించి ఉండే నిపిల్‌కి గట్టి మూత పెట్టి బండి స్టార్ట్ చేసి చూడండి, పెడల్ నొక్కి పట్టుకున్నా ఐడిల్ పడకపోతే లీక్ బూస్టర్ వైపే. పాత హోస్‌ని ప్లయర్‌తో నొక్కకండి, ఎండిపోయిన రబ్బరు అక్కడే పగులుతుంది, అప్పుడు రెండు లీకులు. మూత పెట్టిన బండిని ఒక్క అడుగు కూడా నడపొద్దు, పెడల్ రాయిలా ఉంటుంది.

పాతబండి_మోజు:
నాకో డౌటు అన్నా. నా కారులో బూస్టర్ హోస్ చిట్లినప్పుడు ఐడిల్ పడిపోలేదు, 1400కి ఎక్కి కూర్చుంది. వీరికేమో పడిపోతోంది. రెండూ వాక్యూమ్ లీకులే కదా?

గ్రీజుచేతులు:
ఇది చాలామంది పొరబడే చోటు. గాలి లెక్క ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. గాలి వచ్చే పైపులోనే కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉంటే, బూస్టర్ గుండా దొంగదారిన వచ్చిన గాలి లెక్కలోకి రాదు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) దానికి పెట్రోల్ పొయ్యదు, మిశ్రమం పలచబడి ఇంజన్ తడబడుతుంది. మానిఫోల్డ్ ఒత్తిడి చూసే ఎంఏపీ సెన్సర్ అయితే గాలి ఏ దారిన వచ్చినా ఒత్తిడి పెరిగినట్టు తెలిసిపోతుంది, దానికి తగ్గ పెట్రోల్ పోస్తుంది, ఆర్‌పీఎం ఎక్కుతుంది, ఈసీయూ థ్రాటిల్ మూస్తూ పోతుంది, ఇక మూయడానికి ఏమీ మిగలనప్పుడు ఐడిల్ పైనే ఆగిపోతుంది. నీది ఈ రెండో రకం అయ్యుండాలి.

స్కానర్ ఉన్నవాళ్లకి ఇంకో సులువు: ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూడండి. ఎంఏఎఫ్ బండిలో లీక్ ఉంటే ఐడిల్‌లో ప్లస్ 15, 20 అలా ఉండి, 2500 దాటాక సున్నా వైపు వస్తుంది, ఎందుకంటే ఇంజన్ ఎక్కువ గాలి లాగేటప్పుడు అదే లీక్ చెంచాడు నీళ్లు చెరువులో కలిసినట్టే. మిశ్రమం పలచబడిందని చెప్పే పీ0171 కోడ్ కూడా పడొచ్చు.

పాతబండి_మోజు:
లీక్ ఉన్నచోట కార్బ్ క్లీనర్ స్ప్రే చేస్తే ఐడిల్ మారుతుంది కదా, అలా చూస్తే తెలిసిపోదా?

డిప్‌స్టిక్:
వేడి ఇంజన్ మీద ఆ పని వద్దు బాసూ, నిప్పు అంటుకుంటుంది. పైగా ఇక్కడ పనికిరాదు. గాలి దూరేది క్యాబిన్ లోపల పెడల్ రాడ్ దగ్గర, బానెట్ కింద ఎంత కొట్టినా తేడా రాదు. పొగ పంపి లీక్ వెతికే స్మోక్ టెస్ట్ కూడా పెడల్ నొక్కి పెట్టకుండా చేస్తే అంతా బాగుందనే చెప్తుంది. డీజిల్ బండి వాళ్లెవరైనా చదువుతుంటే ఇదంతా మీకు వర్తించదు, మీకు వాక్యూమ్ ఇచ్చేది విడిగా ఉండే పంపు.

నాలుగోగేర్:
అందరికీ థాంక్స్, ఈ రోజు పొద్దున్నే చేసి చూశాను. మొదటి టెస్టులో పెడల్ దిగింది. రెండోదాంట్లో పావు నిమిషానికే కాలిని మెల్లగా పైకి తోసింది. హోస్ పీకి మూత పెడితే 750లో బొంగరంలా నిలకడగా తిరిగింది, పెడల్ తొక్కినా ముల్లు కదల్లేదు. హోస్ తిరిగి పెట్టి బ్లూటూత్ అడాప్టర్‌తో ట్రిమ్ చూశాను, కాలు తీస్తే ప్లస్ 4, నొక్కి పట్టుకుంటే 22 దాటింది. హోస్‌లో చీలిక లేదు, చెక్ వాల్వ్‌లో ఊదితే ఒక వైపే పోతోంది. ఇక బూస్టరే అనుకుంటున్నాను, అంతేనా?

గ్రీజుచేతులు:
అంతే. మార్చే ముందు బూస్టర్ ముందు ఉండే మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఫ్లూయిడ్‌ని చక్రాల వైపు తోసేది) నట్లు విప్పి దాని వెనక భాగం వేలితో తడిమి చూడండి. తడిగా ఉంటే సిలిండర్ వెనక సీలు కారి ఫ్లూయిడ్ బూస్టర్‌లోకి పోతోందన్నమాట, డయాఫ్రంని పాడు చేసేది చాలాసార్లు అదే. నేనొకసారి చూడకుండా కొత్త బూస్టర్ బిగించి, ఆరు నెలల్లో మళ్లీ విప్పాను. ఫ్లూయిడ్ మట్టం తగ్గుతూ బయట ఎక్కడా చుక్క కనపడకపోవడం, స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్‌లో తెల్ల పొగ రావడం, ఈ రెండూ కలిసి కనపడ్డా నాకు అప్పుడు వెలగలేదు.

నాలుగోగేర్:
చూశాను, పొడిగానే ఉంది. పాత సామాన్లలో బూస్టర్ ఒకటి దొరుకుతోంది, తీసుకోనా?

డిప్‌స్టిక్:
వద్దు. అదీ ఇంతే వయసున్న రబ్బరు.

గ్రీజుచేతులు:
కొత్తదే వేయండి. బిగించేటప్పుడు మాస్టర్ సిలిండర్‌ని తోసే రాడ్ పొడవు పాతదానితో పోల్చి సరిచేయమని చెప్పండి. అది ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువున్నా కాలు తీశాక కూడా ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి, చక్రాలు కాలిపోతాయి. చాలా బండ్లలో బ్రేక్ పైపులు విప్పకుండానే సిలిండర్‌ని ముందుకు జరిపి బూస్టర్ తీయొచ్చు, మీదాంట్లో జాగా ఉంటే ఎయిర్ తీసే పని కూడా తప్పుతుంది. బిగించాక బండి తీసే ముందు ఆ మూడు టెస్టులూ మళ్లీ చేయండి.