అనుకున్నది జరగనప్పుడు నిరీక్షణను ఎలా నిలుపుకోవాలి?

సహోదరీ సహోదరులకు వందనాలు. మాది చిత్తూరు దగ్గర పల్లె. తోతాపురి మామిడి మీద వచ్చే డబ్బుతో అమ్మాయిని నర్సింగ్‌లో చేర్చాలని రెండేళ్లుగా ప్రార్థించాము; తీరా కాయలు విరగకాసిన ఏడాదే ధర పడిపోయి, ఆ ఆలోచన మానుకోవలసి వచ్చింది. అంజూరపు చెట్టు పూయకపోయినా ఆనందిస్తానన్న హబక్కూకు 3:17-18 చదివాను గాని, మా కష్టం కాపు లేక వచ్చినది కాదు కదా!

మీకు మేలు చేసి నిరీక్షణ కలిగించాలన్నదే నా ఉద్దేశమని దేవుడు చెప్పిన యిర్మీయా 29:11 చూసి ధైర్యం తెచ్చుకోమని అందరూ అంటున్నారు. అయితే అది బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోని మాట; దానికి ముందు వచనంలోనే, వారు తిరిగి రావడానికి బబులోనులో 70 సంవత్సరాలు గడవాలని ఉన్నది. ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అలాంటి వాగ్దానాన్ని నావంటివాడు తన ఇంటికి ఎలా అన్వయించుకోవాలి? "దేవుడు మన ప్రార్థన వినలేదా నాన్నా?" అని అడిగే బిడ్డకు, ఉత్త ఓదార్పు మాటలు కాకుండా, ఏమని చెప్పాలి? ఈ దారిలో నడిచినవారు దయచేసి తెలియజేయగలరు.