డ్యూరాండ్ పెన్సిల్ స్కెచ్‌ల గురించి తెలిసినవాళ్లున్నారా?

రంగుల జోలికి పోకముందు పెన్సిలు, కాగితం పట్టుకుని ఆరుబయట కూర్చుని కనిపించిన ఆకారాన్ని ఉన్నదున్నట్టు గీయమన్నాడు అమెరికన్ చిత్రకారుడు ఆషర్ డ్యూరాండ్, ప్రకృతి దృశ్యాలు గీయడం గురించి రాసిన 1855 నాటి తన ఉత్తరాల్లో. హడ్సన్ రివర్ స్కూల్ (అమెరికా ప్రకృతి దృశ్యాలు గీసిన చిత్రకారుల బృందం) వాళ్లలో నాకు ఈయన చెట్లే ఇష్టం. మొదట్లో ఎన్‌గ్రేవింగ్ (అచ్చు కోసం లోహపు రేకు మీద గీతలు చెక్కే) పని చేసినవాడు కదా, బెరడు పగుళ్లలో గీత ఎక్కడా తడబడదు.

నా సందేహం ఇది. ఆయన స్కెచ్‌లలో చెట్టు మొదలు దగ్గర గీత నల్లగా, వెనక కొండలు ఉన్నాయో లేవో అన్నంత పల్చగా ఉంటాయి. ఒకే పెన్సిల్‌ని ఒత్తిడి మార్చి గీస్తే వస్తుందా, హెచ్ (గట్టివి, పల్చగా గీసేవి), బి (మెత్తవి, నల్లగా గీసేవి) రకాల పెన్సిళ్లు మార్చుకోవాలా? ఆయన రంగు కాగితం మీద వెలుగు కోసం తెల్ల గువాష్ (నీళ్లతో కలిపి వేసే చిక్కటి రంగు) కూడా వేసేవాడు. అది అక్కడికక్కడే వేయాలా, ఇంటికొచ్చాకా? నాకైతే తెలుపు తగలగానే పెన్సిల్ గ్రాఫైట్ అందులో కలిసిపోయి బూడిద రంగుకి తిరుగుతోంది. ఎవరైనా చేసి చూసుంటే చెప్పండి, ప్లీజ్.