రైల్లో వెళ్లి ఒక్క రోజులో చూసి రాగల కోట: మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న (బర్మింగ్‌హామ్ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారు, నాన్నగారు అనంతపురం నుంచి వచ్చి మూడు నెలల పాటు మా దగ్గర ఉంటున్నారు. నాన్నగారు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. గుత్తి, పెనుకొండ, గండికోట దుర్గాలకు ఆయన ప్రతి ఏడూ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లేవారు. అందుకే ఇక్కడికి వచ్చిన వారం లోపే, ఈ దేశపు కోట ఒకటి తీరిగ్గా చూడాలని అడిగారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. సమతలంగా ఉన్న చోట కూర్చుంటూ లేస్తూ గంటసేపు నడవగలరు కాని, పది మెట్లకు మించి ఎక్కలేరు. మాతో తొమ్మిదేళ్ల పాప కూడా ఉంటుంది. మాకు కారు లేదు కనుక ఉదయం రైల్లో బయలుదేరి రాత్రి భోజనం వేళకు ఇంటికి చేరుకోవాలి. వార్విక్ కోట దగ్గరే గాని అక్కడ ఆటలు, ప్రదర్శనలు ఎక్కువని విన్నాను; నాన్నగారికి కావలసింది చరిత్ర, అమ్మగారికి కావలసింది పచ్చని చోట కాసేపు కూర్చోవడం. ఈ రెండూ కుదిరే కోట ఏదో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు (చెస్టర్ నుంచి)

మీ నాన్నగారు దుర్గాలు చూసిన మనిషి కనుక, ఉత్తర వేల్స్‌లో మొదటి ఎడ్వర్డ్ రాజు కట్టించిన కోటలను మించినవి ఈ ద్వీపంలో లేవని నా అభిప్రాయం. కాన్వీ, కైర్నార్వన్, హార్లెక్, బోమారిస్ అనే ఈ నాలుగింటినీ యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాన్వీ కోటను 1283 నుంచి 1287 వరకు, అంటే నాలుగేళ్లలోనే, ఎనిమిది పెద్ద బురుజులతో, ఊరిచుట్టూ ప్రాకారంతో సహా పూర్తి చేశారు. ఆ ప్రాకారం సుమారు 1.3 కిలోమీటర్లు; దాని మీద ఈనాటికీ చాలాదూరం నడవవచ్చు. మన వైపు కొండను చూసుకుని, ఆ రాళ్ల వాలును బట్టి గోడను పాములా తిప్పుకుంటూ పోయారు. ఇక్కడ సముద్రం నుంచి ఓడల మీద సరుకు అందేలా నీటి అంచున కట్టారు. ఈ తేడాను మీ నాన్నగారు గోడ చూసిన క్షణంలో పట్టుకుంటారు.

అయితే మీ అమ్మగారి విషయంలో నేను దాచకుండా చెప్పాలి. కాన్వీలో లోపలికి వెళ్లే దారే ఎత్తుగా ఉంటుంది; బురుజుల లోపలి మెట్లు గుండ్రంగా తిరుగుతూ, ఇరుకుగా, అరిగిపోయి ఉంటాయి; పైకప్పు లేని శిథిలం కావడం వల్ల వాన వస్తే తలదాచుకోవడానికి చోటు తక్కువ. కైర్నార్వన్‌లో 2023 నుంచి ప్రధాన ద్వారం దగ్గర లిఫ్టు ఉంది కనుక మెట్లు ఎక్కకుండానే పైభాగానికి చేరవచ్చు, కాని ఆ ఊరికి దేశపు ప్రధాన రైలు మార్గం లేదు. బాంగర్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. బర్మింగ్‌హామ్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావడం పెద్దవాళ్లకు శ్రమ. రెండు రోజులు తీసుకోగలిగితే మాత్రం ఈ కోటలను వదులుకోకండి.

జవాబు (కవెంట్రీ నుంచి)

తమ్ముడూ, అంత దూరం వెళ్లలేకపోతే కెనిల్‌వర్త్ చూడండి. 2018 నుంచి ఆ ఊరికి మళ్లీ రైలు స్టేషన్ వచ్చింది. ఆ కోటను 1266లో ఆరు నెలల పాటు ముట్టడించారు. చివరికి లోపలివారు లొంగిపోయింది ఆకలికి, రోగాలకు తాళలేక. ఔరంగజేబు 1687లో గోల్కొండ ముందు ఎనిమిది నెలలు కాచుకున్న కథ తెలిసినవారికి ఆ గోడల మధ్య నిలబడితే వేరే వివరణ అక్కరలేదు. 1575లో ఎలిజబెత్ రాణి అక్కడ 19 రోజులు విడిది చేసింది. ఆమె కోసం వేసిన తోటను పాత వర్ణనల ఆధారంగా తిరిగి వేసి 2009లో ప్రజలకు తెరిచారు. మా అత్తగారు ఆ తోటలో గంటన్నర కూర్చున్నారు. గడ్డి నేల ఎక్కువ కనుక వాన పడిన మర్నాడు మాత్రం చెప్పులతో వెళ్లకండి. చీర అంచు కూడా తడుస్తుంది.

జవాబు (ష్రూస్‌బరీ నుంచి)

పై ఇద్దరు చెప్పినవీ మంచి కోటలే. అయినా రాయలసీమ నుంచి వచ్చిన చరిత్ర ఉపాధ్యాయునికి చూపవలసిన కోట ఒకటి వేరే ఉంది. వెల్ష్‌పూల్ ఊరిని ఆనుకుని ఉన్న పోవిస్ కోట. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి రైలు మారకుండా సుమారు గంటన్నరలో వెల్ష్‌పూల్ చేరవచ్చు.

ఇది శిథిలం కాదు. పదమూడవ శతాబ్దంలో వెల్ష్ రాజులు ఎర్ర ఇసుకరాతితో కట్టిన దుర్గాన్ని 1587లో హెర్బర్ట్ కుటుంబం కొన్నది. అప్పటి నుంచి తరతరాలుగా వారు దానిని నివాసంగా మార్చుకుంటూ వచ్చారు. 1952లో అది చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. కనుక బయటి నుంచి చూస్తే కోట, లోపలికి వెళితే పరుపులు, చిత్తరువులు, చెక్క పనితనం ఉన్న పెద్ద ఇల్లు.

మన సంబంధం ఇక్కడ మొదలవుతుంది. ప్లాసీ యుద్ధం చేసిన రాబర్ట్ క్లైవ్ 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం నుంచి బెంగాల్ దివానీతో (అంటే పన్నులు వసూలు చేసుకునే హక్కుతో) పాటు ఉత్తర సర్కారులకు కూడా ఫర్మానా సంపాదించాడు. అంటే ఈనాటి కోస్తా జిల్లాలు ఈస్టిండియా కంపెనీ వైపు జరగడానికి తొలి కాగితం అదే. అతని కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ 1784లో హెర్బర్ట్ వారి ఆడపడుచు హెన్రియెటాను పెళ్లాడి, 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. 1799లో శ్రీరంగపట్నం పతనమై టిప్పు సుల్తాన్ మరణించింది ఆ కాలంలోనే. 1792లోనూ 1799లోనూ మైసూరు రాజ్యం నుంచి తన వాటాకు వచ్చిన భూభాగాలను నిజాం 1800లో కంపెనీకి అప్పగించాడు. మనం దత్త మండలాలని చదువుకున్నవి అవే: బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పేరు మీ నాన్నగారికి నేను చెప్పనక్కరలేదు. అంటే మీ జిల్లా ఒక ప్రభుత్వం చేతి నుంచి మరొక ప్రభుత్వం చేతికి మారిన సంవత్సరంలో మద్రాసు గవర్నరుగా ఉన్న మనిషి కుటుంబపు ఇల్లు ఇది. వారు తెచ్చుకున్న భారతీయ వస్తువులు ఆ కోటలో క్లైవ్ మ్యూజియం అనే గదిలో ఉన్నాయి.

అక్కడి వస్తువులలో టిప్పు సుల్తాన్ సింహాసనపు అంచుకు అమర్చిన పులి తలలలో ఒకటి, బంగారంతో, రత్నాలు పొదిగినది, కనబడుతుంది. ఆయనదిగా చెప్పే డేరా కూడా ఆ సేకరణలోనిదే. నూలు బట్ట మీద పూల కుండీలను వరుసగా అద్దిన పనితనం. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ ఎరిగినవారు ఆ పూల తీరును ఆత్మీయంగా చూస్తారు, కాని ఇది మన తీరపు పని కాదు. బుర్హాన్‌పూర్‌ది అని నిపుణులు గుర్తించారు. యుద్ధంలో గెలుచుకున్న ఆ డేరాను తరువాతి కాలంలో ఈ కోట తోటలో విందులకు పందిరిగా వాడారు. ఇది చదివి నాకు చాలా బాధ కలిగింది. ఆ బాధను పక్కన పెట్టి చూడమని నేను ఎవరికీ చెప్పను. నేషనల్ ట్రస్ట్ 2020 సెప్టెంబరులో తన ఆస్తులకూ వలస పాలనకూ ఉన్న సంబంధాల మీద ప్రచురించిన నివేదికలో పోవిస్ గురించి కూడా రాసింది. మీ పాపకు ఆ గదిలో ఏం చెప్పాలో ముందే ఆలోచించుకుని వెళ్లడం మంచిది, తొమ్మిదేళ్ల పిల్లలు “ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయి?” అని తప్పక అడుగుతారు.

ఇక అమ్మగారి సంగతి. కోట గుట్ట మీద ఉంది. దాని కింద తోట అంతస్తులు అంతస్తులుగా దిగుతుంది. కోట లోపల మెట్లు తప్పవు. తోటలో కింది పచ్చిక దాకా దిగితే మళ్లీ అంతా ఎక్కి రావాలి. ఆ పొరపాటు చేయించకండి. ఎగువ అంతస్తులోనే బెంచీ చూసుకుని కూర్చోబెడితే, వందల ఏళ్ల యూ చెట్లను మేఘాల్లా గుండ్రంగా కత్తిరించిన భారీ కంచెలు, వాటి అవతల వేల్స్, ఇంగ్లండ్ సరిహద్దు కొండలు కనబడతాయి. అక్కడి ఆవరణలో నెమళ్లు తిరుగుతుంటాయి. పాపకు అదొక పండుగ.

అడిగినవారు

గురువుగారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. నాన్నగారికి చదివి వినిపించాను. దత్త మండలాల మాట రాగానే ఆయన పోవిస్‌కే వెళదామన్నారు. మరో మూడు సందేహాలు. మేము సభ్యత్వం తీసుకోవాలా, టికెట్లు చాలా? స్టేషన్ నుంచి కోటకు నడవగలమా? అమ్మగారు బయట వండినది తినరు. మన అన్నం డబ్బాలు లోపలికి తీసుకువెళ్లనిస్తారా?

జవాబు (కవెంట్రీ నుంచి)

సభ్యత్వం గురించి చాలామంది పొరబడతారు కనుక స్పష్టంగా రాస్తున్నాను. పోవిస్ నేషనల్ ట్రస్ట్‌ది. కెనిల్‌వర్త్ ఇంగ్లిష్ హెరిటేజ్‌ది. కాన్వీ మొదలైనవి కాడూ అనే వేల్స్ ప్రభుత్వ సంస్థవి (ఆ మాటకు వెల్ష్‌లో ‘కాపాడు’ అని అర్థం). ఒకరి కార్డు మరొకరి కోటలో ఉచిత ప్రవేశం ఇస్తుందని అనుకోవద్దు. ఇంగ్లిష్ హెరిటేజ్ సభ్యులకు మాత్రం కాడూ కోటల్లో మొదటి ఏడాది సగం ధర, తరువాత ఉచితం. విదేశాల నుంచి వచ్చినవారి కోసం ఇంగ్లిష్ హెరిటేజ్ 9 రోజులకు, 16 రోజులకు పాసులు అమ్ముతుంది. ఒక్క కోటే చూసేటట్లయితే టికెట్ చాలు. మూడు నెలల్లో నాలుగైదు చూడాలనుకుంటే లెక్క వేసుకోండి. టికెట్ కొనేటప్పుడు గిఫ్ట్ ఎయిడ్ (మీరిచ్చిన సొమ్ము మీద మీరు కట్టిన పన్నును ఆ సంస్థ ప్రభుత్వం నుంచి రాబట్టుకునే ఏర్పాటు) ఇస్తారా అని అడుగుతారు. మీరు ఇక్కడ ఆదాయపు పన్ను కడుతున్నారు కనుక మీ పేరుతో ఇవ్వవచ్చు; కట్టని మీ తల్లిదండ్రుల పేరుతో ఇవ్వకూడదు.

జవాబు (ష్రూస్‌బరీ నుంచి)

స్టేషన్ నుంచి కోట మైలున్నర లోపే ఉంటుంది. ఊరి వీధిలోంచి పార్కులోకి మళ్లిన తరువాత ఎత్తు ఎక్కాలి. మీకు, పాపకు అది మంచి నడక. జింకలు కనబడే పార్కు అది. అమ్మగారికి మాత్రం టాక్సీ తప్పనిసరి. చిన్న ఊరు కనుక స్టేషన్ బయట టాక్సీ నిలబడి ఉంటుందనుకోకండి. ముందు రోజే ఫోన్ చేసి, తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోండి. రైళ్లు తరచుగా ఉండవు. ఒకటి తప్పిపోతే మిగిలిన సాయంత్రమంతా ప్లాట్‌ఫారం మీదే.

తోట తెరిచే వేళలు వేరు, కోట గదులు తెరిచే వేళలు వేరు. ఈ సంగతి తెలియక తోటలో పొద్దుపుచ్చి, తీరా గదుల దగ్గరకు వెళ్లేసరికి తలుపు మూసిన అనుభవం మా ఇంట్లోనే ఉంది. అందుకే ముందు మ్యూజియం, తరువాత భోజనం, ఆ తరువాత తోట అనే వరుసలో వెళ్లండి. బయలుదేరే ముందు రోజు కోటకు ఫోన్ చేసి, మ్యూజియం గది తెరిచి ఉంటుందా, అమ్మగారు మెట్లు లేకుండా ఎంతవరకు వెళ్లగలరు అని రెండూ అడగండి. అడిగినవారికి వాళ్లు ఓపికగా చెబుతారు.

అన్నం డబ్బాలు నిరభ్యంతరంగా తీసుకువెళ్లండి, గదుల్లో మాత్రం తెరవకూడదు. పులిహోర, దద్ధోజనం అయితే చల్లారినా బాగుంటాయి. జులైలో కూడా ఆ గుట్ట మీద గాలి చల్లగా వీస్తుంది. అమ్మగారికి శాలువా, ఫ్లాస్కులో వేడి నీళ్లు మరిచిపోకండి.

అడిగినవారు (వెళ్లి వచ్చిన తరువాత)

నిన్న శనివారం వెళ్లి వచ్చాము. తరువాత వెళ్లేవారికి పనికివస్తుందని రాస్తున్నాను. టాక్సీ ముందుగా మాట్లాడుకోవడం మంచిదైంది. మా కళ్లముందే మరో కుటుంబం వానలో నడిచి వెళ్లింది. అమ్మగారు మ్యూజియం దాకా రాలేదు. ఆవరణలో ఒకరు ఆమెను చూసి అడగకుండానే కుర్చీ తెచ్చి వేశారు. మధ్యాహ్నం వాన వెలిసిన తరువాత ఎగువ అంతస్తు బెంచీ మీద రెండు గంటలు కూర్చుని, ఆ యూ కంచెల మీద నిచ్చెన వేసి కత్తిరించేవారి ఓర్పు గురించే మాట్లాడారు.

నాన్నగారు పులి తల ముందు చాలాసేపు నిలబడ్డారు. పాప మీరు చెప్పినట్లే అడిగింది. ఆయన కోపం లేకుండా, తేదీలు వరుసగా చెప్పారు: 1792, 1799, 1800. ఆ తరువాత గుత్తిలో తాను చూపించే సమాధుల తోట గురించి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించిన మన్రోను మొదట అక్కడే పాతిపెట్టడం గురించి చెప్పారు. మా వెనుక నిలబడిన ఒక వెల్ష్ పెద్దావిడ, ఆ భాష అర్థం కాకపోయినా, “శ్రీరంగపట్నం” అన్న మాట విని ఆగి, ఏం చెబుతున్నారని నన్ను అడిగారు. నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆమె ఈ కోటకు ముప్ఫై ఏళ్లుగా వస్తున్నారట. అనంతపురం పేరు అదే మొదటిసారి వినడం.

ఒక్క సవరణ. మ్యూజియం గదిలో వెలుతురు తక్కువగా ఉంచుతారు, పాత వస్తువులు పాడవకుండా. పెద్దవాళ్లు చదివే కళ్లద్దాలు వెంట తెచ్చుకోవాలి. నాన్నగారివి అమ్మగారి సంచిలో బయటే ఉండిపోవడం వల్ల వివరణ పలకలన్నీ పాపే చదివి వినిపించింది. వచ్చే నెల కెనిల్‌వర్త్ అనుకుంటున్నాము. అక్కా, స్టేషన్ నుంచి అక్కడికి కూడా టాక్సీ ముందే చెప్పుకోవాలా?