అతాతుర్క్ మతాన్ని గెంటేశాడా, గుప్పిట్లో పెట్టుకున్నాడా?

కృష్ణాతీరం:
2020 జూలైలో ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియాను మళ్లీ మసీదు చేసినప్పటి నుంచి ఈ విషయం మీద గట్టిగా వాదించుకోవాలని ఉంది. 537లో చర్చిగా పూర్తయింది, 1453లో మసీదైంది, 1934లో ఆధునిక టర్కీ స్థాపకుడు ముస్తఫా కెమాల్ అతాతుర్క్ ప్రభుత్వం దాన్ని మ్యూజియం చేసింది. ఆరు వందల ఏళ్ల ఉస్మానియా సామ్రాజ్యం కూలిపోతే, ఆ శిథిలాల మీద ఒక మనిషి అసలైన లౌకిక రాజ్యం నిలబెట్టాడు. ఇప్పటి అధ్యక్షుడు ఎర్దొగాన్ వచ్చి దాన్ని పడగొట్టాడు. నా వాదన ఇంతే. కాదనేవాళ్లు రండి. ఒకటే షరతు, మన రాజకీయాలు ఇక్కడికి లాగొద్దు.

పాతకాగితాలు:
నేను కాదంటున్నాను. 1924 మార్చి 3న కొత్త రాజధాని అంకారాలోని పార్లమెంటు ఒకే రోజు మూడు పనులు చేసింది. ముస్లింలందరికీ పెద్దగా చెప్పుకునే ఖలీఫా పదవిని రద్దు చేసింది. మదర్సాలతో సహా చదువునంతా విద్యాశాఖ కిందికి తెచ్చింది. మూడోది చాలామంది చెప్పరు: మత వ్యవహారాల కోసం దియానెత్ అనే సర్కారీ సంస్థను పెట్టింది. ఇవాళ్టికీ టర్కీలో ఇమాములను నియమించేది, జీతాలిచ్చేది, బదిలీ చేసేది, శుక్రవారం ప్రసంగం రాసి పంపేది ఆ సంస్థే. మతంతో సంబంధం తెంచుకున్న ప్రభుత్వం చేసే పనులేనా ఇవి?

ఇది కొత్తగా వచ్చిన అలవాటూ కాదు. సుల్తానుల కాలంలో షేఖుల్ ఇస్లాం అనే పెద్ద ముఫ్తీ, అంటే మత తీర్పులు (ఫత్వాలు) ఇచ్చే పండితుడు, ఉండేవాడు. ఆయన్ని నియమించేదీ, తీసేసేదీ సుల్తానే. అదే సుల్తాన్ని దించాలంటే మాత్రం ఆయన ఫత్వా కావాలి. 1909లో రెండో అబ్దుల్ హమీద్‌ను అలాగే దించారు. 1727లో అచ్చుయంత్రం పెట్టడానికి కూడా ఫత్వా తెచ్చుకున్నారు, అదీ మతగ్రంథాల జోలికి పోకూడదన్న షరతు మీద. ఇక 1920లో ఇస్తాంబుల్ షేఖుల్ ఇస్లాం, సుల్తాన్ సర్కారుకు ఎదురుతిరిగిన కెమాల్ మనుషులను చంపినా తప్పులేదని ఫత్వా ఇచ్చాడు. అప్పుడు కెమాల్ ఫత్వాలను చెత్తబుట్టలో పడేయలేదు. అంకారా ముఫ్తీ రిఫాత్ బోరెక్చి, ఇంకొందరు ముఫ్తీల చేత ఎదురు ఫత్వా ఇప్పించుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత దియానెత్ తొలి అధిపతి కుర్చీ ఆ బోరెక్చికే దక్కింది.

బండమీద_ముచ్చట:
అయితే సుల్తానులే నయం అన్నట్టు కదా అన్నా! 1492లో స్పెయిన్ యూదులను తరిమేస్తే రెండో బాయజీద్ రమ్మని చోటిచ్చిండు. ఏ మతం వాళ్ల పెళ్లిళ్లు, వారసత్వాలు వాళ్ల పెద్దలే చూసుకునేది. అప్పుడు యూరప్‌ల ఏం నడిచిందో అందరికీ ఎరుకే.

పాతకాగితాలు:
నయమని నేననలేదు తమ్ముడూ. చోటిచ్చారు, నిజమే. ముస్లిం కానివాళ్ల మీద వేసే జిజ్యా పన్ను కట్టించుకుని ఇచ్చారు. ప్రజలంతా సమానమని కాగితం మీద గట్టిగా రాసుకున్నది 1856లో, అదీ యూరప్ దేశాల ఒత్తిడి మీద. 1821లో గ్రీకులు తిరగబడితే ఆర్థడాక్స్ క్రైస్తవుల మత పెద్ద, ఇస్తాంబుల్ పాత్రియార్క్ ఐదో గ్రెగరీని ఈస్టర్ రోజున ఆయన ఆవరణ గేటుకే ఉరితీశారు. తన మందిని అదుపులో పెట్టలేకపోయాడన్నది నేరం. మత పెద్దను ప్రభుత్వ ఏజెంటుగా చూస్తే జరిగేది అదే. 1915లో ఆర్మేనియన్లను ఊచకోత కోసిన సంగతి వేరే చెప్పాలా?

కృష్ణాతీరం గారి లౌకిక రాజ్యం ఎలా మొదలైందో కూడా చూడండి. 1923 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో గ్రీసుతో జనాభా మార్పిడి ఒప్పందం కుదిరింది. అప్పటికే పారిపోయినవాళ్లతో కలిపి సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు అటు, 4 లక్షల మంది ముస్లింలు ఇటు. ఎవరు ఎటు పోవాలో మతాన్ని బట్టే తేల్చారు. టర్కీ ఆసియా భాగమైన అనటోలియా నడిబొడ్డున తరతరాలుగా టర్కిష్ మాట్లాడే కరమన్లీ క్రైస్తవులు గ్రీకు ముక్క రాకుండానే గ్రీసుకు పోయారు. క్రీట్ దీవి నుంచి గ్రీకు తప్ప ఇంకో భాష రాని ముస్లింలు టర్కీకి వచ్చారు. గణతంత్రం ప్రకటించింది ఆ ఏడాది అక్టోబరులో. అంటే దేశం పుట్టకముందే టర్క్ ఎవరన్నది నమాజును బట్టి తేలిపోయింది.

నీలవేణి:
అన్నీ సంస్థలు, ఒప్పందాలేనా? ఇళ్లలో ఏం మారిందో ఒక్కరూ చెప్పరేం? 1926లో స్విట్జర్లాండ్ సివిల్ కోడ్‌ను దాదాపు అలాగే తెచ్చుకున్నారు. బహుభార్యత్వం పోయింది, మగవాడు నోటిమాటతో విడాకులివ్వడం పోయింది. 1934కల్లా పార్లమెంటు ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు. ఫ్రాన్స్‌లో అది 1944 దాకా రాలేదు! 1928లో "రాజ్య మతం ఇస్లాం" అన్న మాటను రాజ్యాంగంలోంచి తీసేశారు. ఇమాముకు జీతం ఎవరిచ్చారన్నది ఆ ఆడపిల్లకు ఎందుకండీ?

షిరీన్_చార్మినార్:
నీలవేణి అక్కా, ఇంకో ఆడపిల్ల సంగతి కూడా వినండి. 1999లో మెర్వే కవాక్చి అనే ఆవిడ ఎంపీగా గెలిచి, తలకు స్కార్ఫ్ కట్టుకుని సభకు వచ్చింది. ప్రమాణం చెయ్యనివ్వకుండా బయటకు పంపేశారు. ఆ రోజుల్లో స్కార్ఫ్ తీయకపోతే యూనివర్సిటీలో చదువే లేదు. 2010 తర్వాతే అది సడలింది, ప్రభుత్వ ఉద్యోగాల్లో అయితే 2013లో. ఆ పిల్లల ఓట్లు ఎటు పోతాయనుకున్నారు?

ఖలీఫా మాట వచ్చింది కాబట్టి మా ఊరి ముచ్చట ఒకటి. 1923 చివర్లో బ్రిటిష్ ఇండియా ముస్లిం నాయకులు ఆగాఖాన్, అమీర్ అలీ కలిసి ఖలీఫా గౌరవం కాపాడమని టర్కీ ప్రధానికి ఉత్తరం రాశారు. ఆయన చేతికి అందకముందే అది ఇస్తాంబుల్ పత్రికల్లో అచ్చయింది. బ్రిటిష్ ఇండియా పెద్దలు మాకు సలహాలివ్వడమేమిటని అంకారా మండిపడింది. కాపాడబోయి కొంప ముంచారన్నమాట. కొన్ని నెలలకే చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌ను రాత్రికి రాత్రి రైలెక్కించారు. ఆయన్ని ఆదుకున్నది మన నిజాం. 1931లో నీస్‌లో ఆయన కూతురు దుర్రుషెహ్వార్‌ను నిజాం పెద్ద కొడుకు ఆజం జాకు, అదే వంశపు నీలోఫర్‌ను రెండో కొడుకు మొఅజ్జం జాకు చేసుకున్నారు. నీలోఫర్ ఆసుపత్రి పేరు అక్కడిదే.

గోదారిగట్టు:
ఇమాములకు సర్కారు జీతం అంటే మన దేవాదాయ శాఖ లాంటిదే కదండీ?

పాతకాగితాలు:
కొంతవరకే. మన శాఖ హుండీ లెక్కలు, మాన్యాలు చూస్తుంది. ఈ వారం భక్తులకు ఏం బోధించాలో పూజారికి రాసివ్వదు.

కృష్ణాతీరం:
షరతు మర్చిపోయారు ఇద్దరూ.

అంకారా_తెలుగు:
ఉద్యోగం మీద ఇక్కడే ఉంటున్నాను. స్కార్ఫ్ గొడవ కన్నా నాకు అన్యాయంగా కనిపించేది అలెవీల సంగతి, సున్నీలు కాని ఒక ముస్లిం వర్గం. వాళ్లు మసీదుకు కాదు, జెమెవీ అనే తమ ప్రార్థనా మందిరానికి వెళ్తారు. ఆడామగా కలిసి కూర్చుంటారు, సాజ్ అనే తీగల వాద్యం వాయిస్తూ పాడతారు. వాళ్లు కట్టే పన్నుల్లోంచి సున్నీ ఇమాములకు జీతాలు పోతాయి. జెమెవీకి మాత్రం ప్రార్థనా స్థలమన్న హోదా లేదు. 2022లో వాళ్ల కోసం ఒక విభాగం పెట్టారు, ఎక్కడో తెలుసా? సాంస్కృతిక, పర్యాటక శాఖ కింద! స్కూళ్లలో మత పాఠం తప్పనిసరి చేసింది కూడా ఎర్దొగాన్ కాదు. 1980లో కుట్ర చేసి అధికారం పట్టుకున్న జనరళ్లు 1982 రాజ్యాంగంలో పెట్టారు. ఆ పాఠం సున్నీ పద్ధతినే నేర్పుతోందని ఒక అలెవీ కుటుంబం వేసిన కేసులో 2007లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు టర్కీని తప్పుపట్టింది.

2016 జూలై 15 రాత్రి సైన్యంలో ఒక వర్గం తిరగబడింది. అప్పుడు దియానెత్ ఆదేశం మీద మసీదు మైకుల్లో సలా అనే ప్రార్థన చదివి జనాన్ని వీధుల్లోకి పిలిచారు. ఆ మైకులు ఎర్దొగాన్‌కు 1924 నుంచి వచ్చిన ఆస్తి.

నీలవేణి:
అంటే కత్తి చేసినవాడిదే తప్పు, పొడిచినవాడిది కాదు!

పాతకాగితాలు:
చేసినవాడు వాడకుండా ఉన్నాడా? 1932 నుంచి 1950 దాకా ఆజాన్ టర్కిష్‌లోనే ఇవ్వాలన్నారు, అరబీలో ఇచ్చినవాళ్లను శిక్షించారు. దేవుణ్ణి ఏ భాషలో పిలవాలో చెప్పే సర్కారును లౌకికమని ఎలా అంటారు? 1950లో గెలిచి ప్రధాని అయిన మెండెరెస్ ముందు ఆ నిషేధమే ఎత్తేశాడు.

కృష్ణాతీరం:
సరే, అంత చేదైతే ఏదో ఒక పార్టీ దియానెత్‌ను మూసేస్తామని ఎన్నికల్లో చెప్పొచ్చుగా. జనమే తేలుస్తారు.

అంకారా_తెలుగు:
చెప్పకూడదండీ. 1983 రాజకీయ పార్టీల చట్టం ప్రకారం దియానెత్ స్థానాన్ని మార్చాలని ఏ పార్టీ పెట్టుకోకూడదు. ఓజ్‌దెప్ అనే కుర్దుల పార్టీని 1993లో రాజ్యాంగ కోర్టు మూసేయించింది. దేశ సమగ్రతకు ముప్పన్నది పెద్ద ఆరోపణ, దియానెత్‌ను ఎత్తేయాలని ప్రణాళికలో రాయడం ఇంకోటి.

కృష్ణాతీరం:
1983 నాటికి కెమాల్ పోయి 45 ఏళ్లు. జనరళ్లు చేసింది ఆయన ఖాతాలో వేయకండి.

పాతకాగితాలు:
వాళ్లు ప్రతి పనీ కెమాల్ పేరు చెప్పే చేశారు కదండీ. రాజ్యాంగం పీఠికలోనే ఆయన పేరుంది.

నీలవేణి:
2002 నుంచి అధికారంలో ఉన్నది కెమాల్‌ను తిట్టుకునేవాళ్లే. దియానెత్‌ను సడలించడం మాట దేవుడెరుగు, 2018లో నేరుగా అధ్యక్షుడి కిందికి తెచ్చుకున్నారు. దానికీ కెమాలే బాధ్యుడా? దీనికి జవాబు చెప్పండి ముందు.