రెసిడెన్సీ, పీహెచ్‌డీ రెండూ కలిపి (వెటర్నరీ పాథాలజీ): చేసినవాళ్ళు ఎవరన్నా ఉన్నరా?

మామునూరు_ఇంటర్న్
అన్నలకు, అక్కలకు నమస్తే. మామునూరు వెటర్నరీ కాలేజీల ఇంటర్న్‌షిప్ చేస్తున్న. పాథాలజీ (కణజాలం చూసి జబ్బు తేల్చే శాస్త్రం) అంటే మొదటి నుంచీ ఇష్టం. అమెరికాల అనాటమిక్ పాథాలజీ రెసిడెన్సీ (డ్యూటీ చేసుకుంట స్పెషలిస్టు అయ్యే శిక్షణ), పీహెచ్‌డీ ఒకే ప్రోగ్రాంల ఇస్తరట, ఐదు నుంచి ఏడేండ్లు పడ్తదట. ముందు ఇక్కడ ఎంవీఎస్సీ (వెటర్నరీ పీజీ) చెయ్యాల్నా? పైసలు ఎవరిస్తరు? ఈసీఎఫ్‌వీజీ (విదేశీ వెటర్నరీ డిగ్రీవాళ్ళకు అమెరికాల పెట్టే అర్హత పరీక్షలు) రాయాల్నా? తిరిగొస్తే మన దగ్గర విలువ ఉంటదా? మా నాయిన మాత్రం "నోటిఫికేషన్ పడితే వీఏఎస్ (సర్కారు పశువుల డాక్టర్ ఉద్యోగం) కొట్టు, గంతే" అంటున్నడు.

ములుగు_వీఏఎస్
నాయిన మాట ఇను తమ్మీ. ఏడేండ్లు చదివి నువ్వు ఏం రాస్తవో నేనిప్పుడే చెప్తా: "నమూనా కుళ్ళింది, పరీక్షకు పనికిరాదు." మా దగ్గర గొర్ల మందల వరుసగ చావులు పడ్తుంటే పోస్టుమార్టం చేసి ముక్కలు పంపిన. నెల దాటినంక గా ఒక్క లైను వచ్చింది. అప్పటికే మంద సగం పాయె. గొల్లాయనకు నేనేం చెప్పాలె? పాథాలజీ డాక్టర్లు ఎక్కువైతే గిసుంటి లైన్లు ఎక్కువైతయి, గంతే.

స్లైడ్‌మాస్టర్
బాబూ, పీహెచ్‌డీ వదిలెయ్. బోర్డు ముఖ్యం. బోర్డు అంటే ఏసీవీపీ, అమెరికా వెటర్నరీ పాథాలజిస్టుల సంస్థ; దాని పరీక్ష పాసైనవాడే డిప్లొమేట్. నేను జీనోమ్ వ్యాలీ వైపు టాక్సికాలజీ (మందుల విషప్రభావం చూసే) ల్యాబ్‌లో పాథాలజిస్టుని. ఓఈసీడీ 451 అనే అంతర్జాతీయ గైడ్‌లైన్ ప్రకారం రెండేళ్ళ ఎలుకల క్యాన్సర్ స్టడీ అంటే ఏంటో తెలుసా? నాలుగు గ్రూపులు, గ్రూపుకు మగవి 50, ఆడవి 50. అంటే 400 ఎలుకలు, ఒక్కోదానికి నలభైకి పైగా కణజాలాలు. ఇవన్నీ ఈ కళ్ళతో చదివినవాణ్ని. విదేశీ స్పాన్సర్ ఫోన్ చేసి మొదట అడిగేది "రిపోర్టు మీద సంతకం పెట్టేది ఏసీవీపీ డిప్లొమేటా?" అని. నీ థీసిస్ దేని మీద అని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు.

ఇజ్జత్‌నగర్_మాజీ
ములుగు సార్, నమూనా ఎట్లా పంపారో కూడా చెప్పండి. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళకు వచ్చేవి మేం చూశాం. కాలేయం మొత్తం తెచ్చి పచ్చడి సీసాలో కుక్కుతారు, పైన రెండు గుక్కల ఫార్మలిన్ (ముక్క కుళ్ళకుండా ఉంచే ద్రవం) పోస్తారు. బయటి పొర గట్టిపడుతుంది, లోపల కుళ్ళుతుంది. ముక్క సెంటీమీటరు మందం దాటకూడదు, ఫార్మలిన్ పదింతలు ఉండాలి. ఇంకొందరు ఐస్‌బాక్స్ కాదని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి పంపుతారు. గడ్డకట్టిన ముక్కలో కణాలు పగిలిపోయి ఏమీ కనపడదు. స్లైడ్ అబద్ధం చెప్పదు సార్.

ములుగు_వీఏఎస్
ఏసీ గదిల కూసొని చెప్పుడు అల్కనే. మే నెలల తాడ్వాయి అడవి పక్క ఊర్ల గొర్రె పొద్దుగాల చస్తే నాకు ఫోన్ మధ్యాహ్నం వస్తది. నేను పోయేసరికి కడుపు ఉబ్బి ఉంటది. ఫార్మలిన్ సొంత పైసలతోని కొన్న, డబ్బా సొంతది, ఆర్టీసీ కార్గో చార్జీ సొంతది. పచ్చడి సీసానట! సీసా ఎవరిచ్చిండ్రు మాకు?

ఇజ్జత్‌నగర్_మాజీ
సీసా సంగతి ఒప్పుకుంటా. కానీ హఠాత్తుగా చచ్చిన గొర్రెను కత్తి పట్టి కోశారా? దొమ్మ రోగం (ఆంథ్రాక్స్) అయితే? 2021లో దుగ్గొండి మండలంలో దొమ్మతో గొర్రెలు చచ్చింది మర్చిపోయారా?

ములుగు_వీఏఎస్
నాకు దొమ్మ నేర్పుతున్నవా? చెవి నరం నుంచి రక్తం తీసి, పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ రంగు పెట్టి సూక్ష్మదర్శిని కింద చూసినంకనే కత్తి పట్టిన. కోస్తే గాలి తగిలి క్రిములు స్పోర్లయితయని (గట్టి పొర కట్టుకుంటయని), ఆ మట్టి ఏండ్ల తరబడి పనికిరాదని నీకన్న ముందు నుంచే తెలుసు. జర మాట చూసి మాట్లాడు.

కోరుట్ల_బ్యాచ్
ఇద్దరూ ఆగుండ్రి. పోరడు అడిగింది అమెరికా చదువు, మీరు గొర్రె కాడ ఆగిండ్రు 😀 ఒక్కటి మాత్రం చెప్త. చిటుక రోగం (పేగుల విషం పుట్టే జబ్బు) అనుమానం ఉన్నప్పుడు కాలేయం ముక్కతోని అయ్యే పనే కాదు. టాక్సిన్ చూడాలంటే చిన్నపేగుల ఉన్న ద్రవం కావాలె, చల్లగ పంపాలె. ములుగన్నా, నువ్వు పేగు ద్రవం పంపినవా?

ములుగు_వీఏఎస్
అడిగితే పంపుతుంటి. ఎవడు అడిగిండు? ఫారం మీద "అవయవాలు" అని ఒక్క గడి ఉంటది.

ఓరుగల్లు_అమ్మ
మా పాపకు నీట్ ర్యాంకు వచ్చింది, ఎంబీబీఎస్ రాదంటున్నారు. మామునూరులో బీవీఎస్సీ సీటు వస్తుందా? ఆడపిల్లలకు ఈ చదువు ఓకేనా?

మిడ్‌వెస్ట్_నెక్రాప్సీ
ఓకేనే అమ్మా. నేనూ ఆడపిల్లనే, చచ్చిన గుర్రాన్ని హాయిస్ట్‌కు ఎత్తి కోసేది నేనే. సీట్ల సంగతికి వేరే చర్చ పెట్టండి.

మామునూరు తమ్ముడికి. నేను అలాంటి ప్రోగ్రాంలోనే ఉన్నా. రెసిడెన్సీ ముగించి ఇప్పుడు పరిశోధన ల్యాబ్‌లో పని. చాలాచోట్ల ముందు రెండు మూడేళ్ళు నెక్రాప్సీ (జంతువుల పోస్టుమార్టం) డ్యూటీ, బయాప్సీలు, స్లైడ్ రౌండ్లు. ఆ తర్వాత పీహెచ్‌డీ. కొన్నిచోట్ల రెండూ కలగలిపి నడుపుతారు. కలగలిపితే నలిగేది మనమే: అటు డ్యూటీ రోస్టర్, ఇటు గైడ్‌గారి చుంచెలుకలు, రెండూ ఒకే రోజు పిలుస్తాయి. ఏసీవీపీ పరీక్ష మొదటి దశ జనరల్ పాథాలజీ. రెండో దశకు గ్రాస్ ఫొటోలు (మామూలు కంటికి కనిపించే మార్పులవి), స్లైడ్ల వర్ణన చేతి మీద ఉండగానే కూర్చోవాలి. మధ్యలో మూడేళ్ళు జన్యువుల మీద పనిచేసి వచ్చి రాస్తే ఆ కన్ను పోతుంది. అందుకే రెసిడెన్సీ ముందుండే చోటే చూసుకో. ఒహాయో స్టేట్, కొలరాడో స్టేట్ లాంటి చోట్ల ఈ కలిపిన దారి ఉంది.

డబ్బు సంగతి జాగ్రత్తగా చదువు. వాళ్ళ ఎన్ఐహెచ్ (ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఇచ్చే టీ32 శిక్షణ గ్రాంటు అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్ళకే. ప్రకటనలో ఎంత అందంగా రాసినా, సీటు ఆ గ్రాంటు మీద నడిచేదైతే మనకు రాదు. మనకు దారి అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పనిచేస్తే వచ్చే జీతం), లేదా గైడ్ సొంత గ్రాంటు, లేదా డయాగ్నొస్టిక్ ల్యాబ్ జీతం. మొదటి ఈమెయిల్‌లోనే "ఈ సీటుకు పౌరసత్వ నిబంధన ఉందా?" అని అడుగు. సిగ్గుపడకు. అడగకుండా ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కి వచ్చినవాళ్ళున్నారు.

స్లైడ్‌మాస్టర్
అంటే చివరికి నేను చెప్పిందే. బోర్డు ముఖ్యం.

మిడ్‌వెస్ట్_నెక్రాప్సీ
కాదు సార్. మీ పనికి బోర్డు చాలు, ఒప్పుకుంటా. కానీ కొత్త చుంచెలుక మోడల్‌లో కనిపించిన మార్పు జబ్బుదా, ఆ జాతికి మామూలుగా వచ్చేదా అని చెప్పి, ఆ ప్రశ్న మీద సొంతంగా గ్రాంటు రాయగలగాలంటే పీహెచ్‌డీ కావాలి. రెండూ ఉన్నవాళ్ళు తక్కువ, అందుకే ఈ ప్రోగ్రాంలు పెట్టారు. 400 ఎలుకలు చదవడం గొప్పే, ఆ స్టడీని ఎందుకలా కట్టారో అడగడం వేరే పని.

స్లైడ్‌మాస్టర్
స్టడీ డిజైన్ నాకు చెబుతున్నావా అమ్మా? నువ్వు పుట్టకముందు నేను మైక్రోటోమ్ (కణజాలాన్ని పలచగా కోసే యంత్రం) పట్టాను.

కోరుట్ల_బ్యాచ్
సార్, మీ ప్రొఫైల్ల బీవీఎస్సీ అయిన సంవత్సరం కనబడ్తుంది. లెక్క కుదురుతలేదు.

ఇజ్జత్‌నగర్_మాజీ
ఇక్కడి దారి గురించి ఎవరూ మాట్లాడరేం? ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) పరీక్ష రాసి ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో ఎంవీఎస్సీ రెండేళ్ళు, తర్వాత పీహెచ్‌డీ మూడేళ్ళు. మధ్యలో నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి దారి. లోటు ఒకటే. మన పీహెచ్‌డీలో థీసిస్ ఉంటుంది, ఖాయమైన నెక్రాప్సీ రోస్టర్ ఉండదు. ఒకే జబ్బు మీద వందల స్లైడ్లు చూసినవాడు ఇంకో జాతి జంతువు టేబుల్ మీదికి వస్తే తడబడతాడు. అమెరికా వాళ్ళది ఆ విషయంలో మంచి పద్ధతి. అట్లాగని మన ఎంవీఎస్సీ ఏసీవీపీ శిక్షణకు బదులు కాదు, వాళ్ళు గుర్తించిన శిక్షణే కావాలి. కానీ ఎంవీఎస్సీ ఉన్నవాడి దరఖాస్తులో స్లైడ్ చదివిన అనుభవం కనిపిస్తుంది, ఒకటి రెండు పేపర్లు ఉంటాయి. నా ఓటు ముందు ఎంవీఎస్సీకే.

మామునూరు_ఇంటర్న్
థాంక్యూ సార్, అక్కా. ఈసీఎఫ్‌వీజీ?

మిడ్‌వెస్ట్_నెక్రాప్సీ
ప్రాక్టీసు లైసెన్సు కావాలంటే అవసరం. నాలుగు మెట్లు: డిగ్రీ రుజువు, ఇంగ్లీషు, బీసీఎస్ఈ రాతపరీక్ష, చివర క్లినికల్ ప్రొఫిషియెన్సీ (చేతిపని పరీక్ష). ఆఖరిదానికి ఖర్చు, తిప్పలు రెండూ ఎక్కువే. పాథాలజీ రెసిడెన్సీకి చాలా యూనివర్సిటీలు అది అడగవు, కొన్ని అడుగుతాయి. ప్రకటన ప్రకటనకూ చూసుకో.

ఇప్పటి నుంచే చెయ్యగలిగేది చెప్తా. అమెరికాలోని జాయింట్ పాథాలజీ సెంటర్ వాళ్ళ వెడ్నస్‌డే స్లైడ్ కాన్ఫరెన్స్ కేసులు నెట్‌లో ఉచితం. ఏడాదికి 25 కాన్ఫరెన్సులు, ఒక్కోదానిలో నాలుగు కేసులు. జవాబు చూడకముందే నీ వర్ణన రాసి, తర్వాత పోల్చుకో. హన్మకొండ హాస్టల్లో కూర్చుని చేసుకోవచ్చు, ఒక్క రూపాయి పెట్టనక్కర్లేదు.

ములుగు_వీఏఎస్
అమ్మా, నీ మాట బాగుంది. కని తిరిగొస్తె ఏం చేస్తడో ఎవరూ చెప్పరేంది? నేను చెప్త. మా జిల్లాల స్లైడ్ చూసే మనిషి లేడు. గీ పిల్లగాడు అమెరికాల గుర్రాలు కోసి, వచ్చి హైదరాబాద్‌ల ఎలుకలు చదువుతడు. నా గొర్లు నాకే ఉంటయి.

స్లైడ్‌మాస్టర్
జీతం అక్కడుంది కాబట్టి అక్కడికే వస్తాడు. ఇందులో తప్పేముంది?

ములుగు_వీఏఎస్
తప్పని ఎవరన్నరు? ఉన్న మాట చెప్పిన.

ఓరుగల్లు_అమ్మ
సీటు గురించి ఎవరూ చెప్పలేదు.

కోరుట్ల_బ్యాచ్
అమ్మా, అన్ని రాష్ట్రాలోళ్ళకు 15 శాతం సీట్లు వీసీఐ (దేశ వెటర్నరీ కౌన్సిల్) కౌన్సెలింగ్‌ల పోతయి, అదీ నీట్ ర్యాంకుతోనే. మిగతాది యూనివర్సిటీ వెబ్‌సైట్ల చూడండ్రి. ఈడ అడుగుతే గొర్ల కథలే వస్తయి.

ఇజ్జత్‌నగర్_మాజీ
ములుగు సార్, మీకు పనికొచ్చేది రాస్తున్నా, కోపం పెట్టుకోకండి. లీటరు బఫర్డ్ ఫార్మలిన్‌కు: దుకాణంలో దొరికే ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900, సోడియం ఫాస్ఫేట్ మోనోబేసిక్ 4 గ్రాములు, డైబేసిక్ (నీరు లేనిది) 6.5 గ్రాములు. ఉత్త నీళ్ళు కలిపితే పుల్లబడి రక్తం ఉన్న చోట నల్లటి రంగు పేరుకుంటుంది, దాన్ని చూసి వేరే జబ్బు అనుకుంటాం. వెడల్పు మూతి డబ్బా వాడండి, గట్టిపడిన ముక్క సన్న మూతిలోంచి బయటికి రాదు. రెండు రోజులు నానాక ఫార్మలిన్ వంపేసి, తడి గుడ్డలో చుట్టి పంపినా చాలు. కార్గోవాళ్ళు కూడా గొడవ చెయ్యరు.

ములుగు_వీఏఎస్
గిది ముందుగాలనే చెప్తే అయిపోవు. గా డైబేసిక్ హన్మకొండల దొరుకుతదా?

కోరుట్ల_బ్యాచ్
చౌరస్తా చుట్టుపక్కల కాలేజీలకు ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణాల అడుగు అన్నా. సీసా మీద "అన్‌హైడ్రస్" అని చూసుకొని తీస్కో, నీరున్న రకమైతే తూకం మారుతది.

మామునూరు_ఇంటర్న్
అక్కా, మీకు మెసేజ్ పెట్టిన. నా సీవీ ఒకసారి చూడండి.